గడ్డి తాగిన ట్యాంకర్లు

ఇదంతా ఒక కారు బానెట్ మీద తెల్లమరకలతో మొదలైంది.

2024 ఫిబ్రవరి చివర్లో, బేస్‌మెంట్ వన్‌లో పార్క్ చేసుకునే ఒకాయన ఫోటోలతో మెయిల్ పెట్టారు. నల్లకారు, బానెట్ నిండా సున్నపు చుక్కలు. ఎంత కడిగినా పోవట్లేదట. పాలిష్ ఖర్చు ఎవరిస్తారని ప్రశ్న. నేను గచ్చిబౌలి దాటాక ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు రెండు టవర్లున్న ఒక ఆఫీస్ కాంప్లెక్స్‌లో ఫెసిలిటీ మేనేజర్‌ని. లిఫ్ట్ ఆగినా, ఏసీ చల్లగా లేకపోయినా, మరీ చల్లగా ఉన్నా, బాత్రూంలో టిష్యూలు అయిపోయినా మెయిల్ నాకే వస్తుంది. అలవాటైపోయింది. ప్లంబర్‌ని వెంటబెట్టుకుని కిందికి దిగాను.

పైన స్లాబ్‌లో సన్నటి పగులు. ఐదారు సెకన్లకో చుక్క పడుతోంది. చుక్క పడేచోట స్లాబ్‌కి చిటికెనవేలంత సున్నపు కొమ్ము వేలాడుతోంది. బెలుం గుహల్లో చూసుంటారు, అచ్చం అలాంటిదే, పిల్లది. కాంక్రీట్‌లోని సున్నాన్ని కరిగించుకుని నీళ్లు దిగితేనే అలా కడుతుంది, అదీ చాలా నెలలు పడుతుంది. ప్లంబర్ వెంటనే "పైపు లీకేజీ సార్" అన్నాడు. వాళ్లకు ఏది చూసినా పైపు లీకేజీయే. డ్రాయింగ్ తీసి చూస్తే ఆ చోట పైన ఏ పైపూ లేదు. పైన ఉన్నది లాన్.

ఊళ్లో తోట నేల మీద ఉంటుంది. ఇక్కడ తోట పార్కింగ్ నెత్తిన ఉంటుంది. స్లాబ్, దాని మీద వాటర్‌ప్రూఫింగ్, దాని మీద కోడిగుడ్ల అట్టల్లా ఉండే ప్లాస్టిక్ డ్రెయిన్ సెల్, ఒక గుడ్డ పొర, ఆపైన అడుగున్నర ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు కలిపి. అంతే. ఆ అడుగున్నర పట్టుకున్నన్ని నీళ్లే గడ్డివి. మిగిలినవి లోతుకు ఇంకి ఎప్పటికో బోరుకు చేరుతాయన్న ఆశ ఏమీ లేదు. డ్రెయిన్ సెల్‌లోంచి జారి కాలువకు పోతాయి, వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతిన్న చోట కారు మీద పడతాయి.

పైకొచ్చి తోట చూసుకునే పెద్దాయన్ని అడిగాను, లాన్‌కి ఎన్ని నీళ్లు పెడుతున్నారని. ఆయనది మక్తల్ వైపు. అరవై దాటుంటాయి. "నేనేడ పెడ్తున్న సారూ, మిషిను పెడ్తది. పొద్దుగాల పది నిమిషాలు, మాపటికి పది నిమిషాలు. చెట్లకైతే మేమే పైపుతోని పడ్తం" అన్నాడు.

"ఎక్కువవుతున్నాయేమో తాతా?"

"ఎక్కువైతున్నయని నేను ఎప్పటిసందో చెప్తున్న. మొన్నటి సారుకు చెప్పిన. ఎస్‌టీపీ నీళ్లే గదా, ఊకే వొస్తయి, పోనీ అన్నడు."

నేనూ అదే అనేవాణ్ని. మా అందరి నమ్మకం అదే. 20,000 చదరపు మీటర్లు దాటిన భవనాలకు పర్యావరణ అనుమతి కావాలి. ఆ కాగితాల్లోనే మురుగునీళ్లు శుద్ధి చేసి ఫ్లష్‌లకు, తోటకు వాడాలని ఉంటుంది. మాకూ ఎస్‌టీపీ, అంటే మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంట్, ఉంది. ఫ్లష్ ట్యాంకులు, కూలింగ్ టవర్లు పోను మిగిలింది తోటకు. కాబట్టి తోట నీళ్లు ఫ్రీ. నెల నెలా నేను తయారుచేసే నీళ్ల రిపోర్ట్‌లో తోటకంటూ ఒక గడి కూడా లేదు.

అదే సమయంలో ట్యాంకర్ల బిల్లు కొండెక్కుతోంది. ఆ ఎండాకాలం హైదరాబాద్ పడమటి వైపు ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మా రెండు బోర్లలో ఒకటి మార్చి మొదటి వారానికే గాలి కక్కడం మొదలుపెట్టింది. మామూలు రోజుల్లో 1,200కి వచ్చే పదివేల లీటర్ల ట్యాంకర్ 2,000 అయింది, అదీ ముందురోజు బతిమాలుకుంటే. జలమండలి (ఊరికి నీళ్లిచ్చే బోర్డు) నీళ్లు ఉన్నాయిగానీ అవీ మాలాంటి వాళ్లకు చవకేం కాదు. వాడకం పెరిగేకొద్దీ కిలోలీటరు రేటు మెట్లెక్కుతుంది, పైగా నీటి ఛార్జీ మీద 35 శాతం మురుగునీటి సెస్. నెలకు 20 వేల లీటర్లు ఉచితమన్నది 2021 జనవరి నుంచి ఇళ్లకు ఉంది, ఆఫీసులకు లేదు. మా అకౌంట్స్ అమ్మాయి ఆ రెండూ కలిపేసి "సార్, ట్వెంటీ కేఎల్ ఫ్రీ కదా" అని ఒకసారి నన్ను కాసేపు ఆనందపెట్టింది.

బిల్లు పెరిగిందని నేను చేసిన మొదటి పని అందరూ చేసేదే. బాత్రూం కొళాయిలకు ధార పలచన చేసే ఏరేటర్లు పెట్టించాను. అద్దాల మీద "నీటిని పొదుపు చేయండి" స్టిక్కర్లు అంటించాం. ఒక నెల చూస్తే ట్యాంకర్లు రెండో మూడో తగ్గాయి. స్టిక్కర్ల ఖర్చు వచ్చిందేమో.

కారాయన మెయిల్ తర్వాత మాత్రం నాకు తోట మీద అనుమానం పట్టుకుంది. మూడు నీళ్ల మీటర్లు కొన్నాను. తోట పంపు బయటకు వచ్చే మెయిన్ లైన్‌కి ఒకటి, ఎస్‌టీపీ నుంచి తోట ట్యాంక్‌కి వచ్చే లైన్‌కి ఒకటి. మూడోది స్పేర్‌గా ఉంచుదామనుకున్నా. బిగింపుతో కలిపి నలభై వేలు దాటలేదు. రోజూ పొద్దున ఎనిమిదింటికి రీడింగ్ ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టమని టెక్నీషియన్‌కి చెప్పాను.

మొదటి వారం లెక్క చూసి మీటర్ తప్పు అనుకున్నా. తోట రోజుకు సగటున 41 వేల లీటర్లు తాగుతోంది. ఎస్‌టీపీ నుంచి మంగళ, బుధ, గురువారాల్లో ముప్పై వేలు చొప్పున వస్తున్నాయి. సోమ, శుక్రవారాల్లో అందులో సగం. శని, ఆదివారాలు రెండూ కలిపితే పదివేలు. ఎందుకో అర్థం కావడానికి నాకు ఒక టీ పట్టింది. సోమ, శుక్రవారాలు సగంమంది వర్క్ ఫ్రమ్ హోం. మనుషులు లేకపోతే మురుగు లేదు, మురుగు లేకపోతే శుద్ధి చేసిన నీళ్లు లేవు. కోవిడ్‌కు ముందు వేసిన లెక్కల మీద ఇంకా తోట నడుస్తోంది. ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లు అక్కడ ఫ్లష్ చేస్తుంటే ఇక్కడ నా గడ్డికి నీళ్లు తగ్గుతున్నాయన్నమాట.

సరే, వారానికి వచ్చేది 130 కిలోలీటర్లు, వాడేది 287. మిగతా 157 ఎక్కడివి? తోట ట్యాంక్ ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటుంది కదా.

టెక్నీషియన్‌ని తీసుకుని ట్యాంక్ మూత తీయించి టార్చ్ వేసి చూశాను. ఎస్‌టీపీ పైపు ఒకవైపు. దానికి ఎదురుగా, నీళ్ల మట్టానికి కొంచెం పైన, ఇంకో రెండంగుళాల పైపు, చివర ఫ్లోట్ వాల్వ్. మన ఇళ్లల్లో సిస్టర్న్‌లో ఉండే బంతిలాంటిదే, సైజు పెద్దది. నేను చూస్తుండగానే పంపు ఆన్ అయింది, మట్టం దిగింది, బంతి దిగింది, ఆ పైపులోంచి తెల్లటి శుభ్రమైన నీళ్లు దుమికాయి. మా ఎస్‌టీపీ నీళ్లకు శుద్ధి చేశాక కూడా లేత పసుపు ఉంటుంది. ఇవి తళతళలాడుతున్నాయి. ఆ పైపు వెంబడి నడుచుకుంటూ పోతే మెయిన్ సంప్ దగ్గర తేలాం. ట్యాంకర్లు ఖాళీ చేసే సంప్.

కట్టినవాళ్లు మంచి ఉద్దేశంతోనే పెట్టుంటారు. ఎస్‌టీపీ రిపేరుకొస్తే మొక్కలు చావకూడదని. కానీ దానికి అలారం లేదు, మీటర్ లేదు, డ్రాయింగ్‌లో చిన్న చుక్కలగీత. ఎన్నేళ్ల నుంచో ప్రతి వీకెండూ ఆ బంతి తన పని తాను చేసుకుపోతోంది. మా సంప్‌లో జలమండలి నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు అన్నీ కలుస్తాయి. ఏవి ఎటు పోయాయో ఎవరూ చెప్పలేరు. కానీ తక్కువ పడ్డప్పుడు ఫోన్ చేసేది ట్యాంకర్ వాడికే. కాబట్టి ఆ పైపులోంచి దూకిన ప్రతి లీటరూ నా లెక్కలో ట్యాంకర్ లీటరే. వారానికి దగ్గర దగ్గర 16 ట్యాంకర్లు. నెలకు లక్షా నలభై వేలు, ఒట్టి గడ్డికి, మొక్కలకు.

స్పేర్ అనుకున్న మూడో మీటర్ ఆ పైపుకే పెట్టాం.

ఆ రాత్రి ఊరికి ఫోన్ చేసి మా నాయనతో చెప్పాను. మాది అనంతపురం జిల్లా. మూడెకరాల చీనీ (బత్తాయి) తోట. ఎండిన చెట్లను కొట్టేయగా మిగిలింది అంత. నా చదువు సగం, ఏడు బోర్లు సగం ఆయన సంపాదన తినేశాయి. డ్రిప్ పైపులకు ఉప్పు పడితే యాసిడ్ పెట్టి కడగడం నేను ఎనిమిదో తరగతిలోనే నేర్చుకున్నా. అంతా విని ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

"గడ్డికి పదారు ట్యాంకర్లా? ఎన్ని ఎనుములున్నాయిరా మీ ఆఫీసులో?"

మర్నాటి మీటింగ్‌లో ఇది చెప్పలేదుగానీ లెక్క మాత్రం స్లైడ్ మీద పెట్టాను. అప్పుడే బెంగళూరులో తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి వాడితే 5,000 జరిమానా అని ఆర్డర్ వచ్చింది, 2024 మార్చిలో. అక్కడ ఒక టెక్ పార్క్‌లో నాలాంటి ఉద్యోగమే చేస్తున్న మా ప్రొద్దుటూరు స్నేహితుడు ఆ కాగితం ఫోటో పంపాడు. అదీ చూపించాను. నా లెక్కలకంటే ఆ కాగితమే ఎక్కువ పనిచేసిందని ఒప్పుకోవాలి. ఇక్కడా వస్తే మనమేం చేస్తాం అన్నారు. బడ్జెట్ వచ్చింది. ఒక షరతు మీద: లాన్ ఎండినట్టు కనబడకూడదు. ఎంట్రన్స్‌లో ఆ పచ్చదనం చూసే ఒక కంపెనీ నాలుగు ఫ్లోర్లు తీసుకుందట.

అసలు గడ్డికి ఎన్ని కావాలి? ఇది తెలిస్తే సగం పని అయినట్టే, లెక్క కూడా చాలా సులువు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలబడితే అది సరిగ్గా ఒక లీటరు. మన ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో లాన్‌కి రోజుకు సుమారు ఆరు మిల్లీమీటర్లు కావాలి. మా లాన్ 2,200 చదరపు మీటర్లు. అంటే 13 వేల లీటర్లు. మేం పెడుతున్నవి 23 వేలు పైనే. మిగతా 18 వేలు రబ్బరు పైపు పట్టుకుని మొక్కల పాదుల్లో పోస్తున్నవి.

పది వేలు ఎక్కువ పోస్తున్నారు కదా, టైమ్ సగం చేసేయండి అని చెప్పి వెళ్లిపోవచ్చు. నేను అదే చేశాను. నాలుగు రోజుల్లో లాన్ మీద పులిచారల్లా పసుపు మచ్చలు లేచాయి. ఎంట్రన్స్ పక్కనే. మెయిల్స్ వచ్చాయి. మళ్లీ పది నిమిషాలకు పెట్టి తలపట్టుకున్నా.

అప్పుడు గుర్తొచ్చింది, పొలంలో చివరి చెట్టుకు నీళ్లు అందకపోతే నాయన మోటారు ఎక్కువసేపు ఆడించేవాడు కాదు, ముందు పైపు చూసేవాడు. పాంట్రీలో ఖాళీ అయిన కాఫీ పొడి రేకు డబ్బాలు పద్దెనిమిది పోగుచేశాను. గోడలు నిటారుగా ఉన్నవే కావాలి, పెరుగు కప్పుల్లా పైకి వెడల్పయ్యేవి పనికిరావు. ఆదివారం పొద్దున లాన్ మీద వరసలుగా పెట్టి స్ప్రింక్లర్లు పావుగంట ఆడించి, స్కూల్ స్కేల్ ముంచి కొలిచాం. సెక్యూరిటీ వాళ్లు వచ్చి ఏం పూజ సార్ అని అడిగారు.

సగటు ఎనిమిది మిల్లీమీటర్లు. వినడానికి బాగుంది. కానీ ఒక డబ్బాలో 3 ఉంటే దానికి పదడుగుల దూరంలో ఇంకో డబ్బాలో 14. మూడున్న చోట గడ్డి ఎండుతోందని మొత్తం లాన్‌ని ముంచుతున్నాం. పద్నాలుగున్న చోటు ఏదో చెప్పక్కర్లేదు. సరిగ్గా దాని కింద నల్లకారు.

తర్వాతి రెండు వారాలు స్ప్రింక్లర్ల పని. పెద్దాయన, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు, నేను. ఒక్కో హెడ్ విప్పితే అడుగున జల్లెడలాంటి చిన్న ఫిల్టర్ ఉంటుంది. సగం వాటిలో ఇసుక, నాచు. కొన్ని హెడ్లు గడ్డి కోసే మిషన్ తగిలి ఒరిగిపోయి దారిని తడుపుతున్నాయి. కొన్ని మట్టిలో కూరుకుపోయి తమ చుట్టూ తామే పోసుకుంటున్నాయి. ఒకదానికి పావు చుట్టు తిరిగే నాజిల్ పెట్టాల్సిన మూలలో పూర్తి చుట్టు తిరిగేది పెట్టారు, అది రోజూ గ్లాస్ గోడను కడుగుతోంది. హౌస్‌కీపింగ్ వాళ్లు ఆ అద్దం మీద మరకలు ఎందుకు పోవట్లేదని నెలల తరబడి కెమికల్ మారుస్తున్నారు.

ఇంకోటి రాత్రి దొరికింది. శనివారం రాత్రి పదకొండింటికి మీటర్ రీడింగ్, ఆదివారం పొద్దున ఐదింటికి రీడింగ్. మధ్యలో ఏ వాల్వూ తెరవలేదు. తేడా 600 లీటర్లు. ఎక్కడో కారుతోంది. వాల్వ్ డబ్బాలు ఒక్కొక్కటీ తెరిచి చెవి ఆనించి వింటే, ఐదో నంబర్‌లో సన్నగా చీదుతున్న చప్పుడు. కరెంటుతో తెరుచుకునే ఆ సోలనాయిడ్ వాల్వ్ విప్పితే లోపలి రబ్బరు పొర కింద ఒక ఇసుక రేణువు. ఒక్కటే. రోజుకు 2,400 లీటర్లు దాని ఖాతాలో పోతున్నాయి. ఆ రేణువుని టిష్యూలో చుట్టి డ్రాయర్‌లో పెట్టుకున్నా, ఇంకా ఉంది.

హెడ్లన్నీ సరిచేశాక మళ్లీ డబ్బాలు పెట్టాం. 6 నుంచి 10 మధ్యకు వచ్చింది. ఇక రోజుకు పన్నెండు నిమిషాలు చాలు. అదీ ఒకేసారి కాదు, నాలుగేసి నిమిషాలు మూడుసార్లు, మధ్యలో అరగంట విరామం. స్లాబ్ మీది మట్టి ఒక్కసారిగా పోస్తే పట్టుకోదు, పక్కనుంచి జారవిడుస్తుంది. మూడు గుక్కల్లో ఇస్తే తాగుతుంది. సాయంత్రం పూట పూర్తిగా మానేశాం. మొత్తం తెల్లవారుజామున ఐదున్నరకల్లా అయిపోతుంది. ఎండ లేదు, గాలి లేదు. మా హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటుకు ఆరింటి నుంచి పది దాకా పీక్ అవర్స్ ఛార్జీ పడుతుంది, పంపు దానికి కూడా దొరక్కుండా తప్పించుకుంది.

మచ్చలు వస్తాయేమోనన్న టెన్షన్ మాత్రం నాకు వదల్లేదు. రోజూ వెళ్లి గడ్డి వైపు అనుమానంగా చూసేవాణ్ని. నా అవస్థ చూసి పెద్దాయన ఒకరోజు చెయ్యి పట్టుకుని లాన్ మీద నాలుగడుగులు నడిపించాడు.

"ఇప్పుడు ఎనక్కి మర్రి సూడు సారూ. అడుగు పడ్డకాడ గడ్డి లేసి నిలవడ్డదా? నిలవడితే దానికి దూప కాలే. గట్లనే పండుకున్నదనుకో, రంగు గుడ జర బూడిద లెక్క మారుతది, అప్పుడు వొయ్యాలె నీళ్లు. నీకు దూపైతే గడ్డికి గుడ దూపైనట్టేనా?"

అదే ఇప్పుడు మా ఎస్‌ఓపీ, అంటే పని చేసే పద్ధతి. ఇంగ్లిష్‌లో రాసి ఫైల్‌లో పెట్టాను, కానీ రాసింది ఆయన మాటే. పొద్దున తొమ్మిదింటికి నాలుగు చోట్ల నడవాలి, అడుగు లేవకపోతేనే ఆ జోన్‌కి అదనపు తడి.

మొక్కలకు డ్రిప్ వేయించాం. నాయన నవ్వాడు, ఇన్నాళ్లూ లేదా అని. ఒక్కో డ్రిప్పర్ గంటకు రెండు లీటర్లు ఇచ్చే ఇన్‌లైన్ పైపులు, పైన ఎండుటాకుల మల్చింగ్. 18 వేలు కాస్తా 10 వేలకు దిగింది. మొదటి రెండు నెలలు బాగానే నడిచి తర్వాత చివరి మొక్కలు వాడడం మొదలైంది. ఎస్‌టీపీ నీళ్లు కదా, పైపు లోపల జిగురులాంటి పొర కట్టి డ్రిప్పర్లు మూసుకుపోయాయి. డిస్క్ ఫిల్టర్ పెట్టి, ప్రతి శనివారం లైన్ల చివరి మూతలు తీసి ఫ్లష్ చేస్తే దారికొచ్చింది. శనివారం అనేది ఒక్కవారం తప్పినా తెలిసిపోతుంది.

నేను చేసిన ఒక తెలివితక్కువ పని కూడా చెప్పాలి. తాగునీటి ఆర్‌ఓ ప్లాంట్ నుంచి రోజూ రెండు మూడు వేల లీటర్ల రిజెక్ట్ నీళ్లు, ఉప్పంతా మిగిలిపోయినవి, డ్రెయిన్‌కి పోతుంటాయి. వృథా ఎందుకని వాటిని తోట ట్యాంక్‌లోకి తిప్పాను. మీటింగ్‌లో చెప్పుకున్నాను కూడా. ఆరు వారాలకు నూరువరహాల ఆకుల అంచులు ఇస్త్రీపెట్టె తగిలినట్టు మాడాయి. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క, చూస్తే 1,800. మా జిల్లాలో ఉప్పునీటి బోరుతో చీనీ చెట్లు ఎలా పోతాయో చూస్తూ పెరిగిన నేను ఆ పని చేశాను. పోనీ ఫ్లష్ ట్యాంకులకు పంపుదామంటే అవి మళ్లీ ఎస్‌టీపీకే వస్తాయి, మళ్లీ తోటకే. ఎస్‌టీపీ ఉప్పును తీయదు. ఇప్పుడు బేస్‌మెంట్ నేల తుడవడానికి వాడుతున్నాం, మిగిలింది డ్రెయిన్‌కే. ఏసీల నుంచి కారే నీళ్లు పట్టుకోమని కూడా చాలామంది సలహా ఇస్తారు. మంచి నీళ్లే, కానీ హైదరాబాద్ ఏప్రిల్ గాలిలో తేమే ఉండదు. వానాకాలంలో బకెట్లకొద్దీ వస్తాయి, అప్పుడు తోటకు ఎవరడిగారు?

ఇన్ని చేసినా ఆ ఎండాకాలం చివరికి తోట రోజుకు 24 వేల దగ్గర ఆగిపోయింది. ఇక దిగాలంటే గడ్డి తగ్గాలి. ఎంట్రన్స్ లాన్ జోలికి వెళ్లకుండా, వెనకవైపు ఎవరూ నడవని, ఎవరూ చూడని లాన్ 750 చదరపు మీటర్లు తీసేయడానికి ఒప్పుకున్నారు. మొక్కల కోసం కడియం వెళ్లాను. ఇక్కడి నర్సరీల్లోనూ దొరుకుతాయి, వాళ్లూ చాలావరకు అక్కడివే తెస్తారు. కడియపులంకలో గోదావరి కాలవ పక్కన నిలబడి "తక్కువ నీళ్లు తాగేవి కావాలండీ" అంటే నర్సరీ ఆయన నన్నో మాదిరిగా చూశాడు. ఆ నీళ్లలో పెరిగిన మొక్కని తెచ్చి హైదరాబాద్‌లో పార్కింగ్ నెత్తిన అడుగున్నర మట్టిలో పెడతాం, అది ఏమనుకుంటుందో. మరగుజ్జు గన్నేరు, కాగితం పూలు, లాంటానా, అంచులకు గడ్డిగులాబీ తీసుకున్నాను. కోనోకార్పస్ ఇస్తాం, చకచకా పెరుగుతుంది అన్నారు గానీ వద్దన్నాను, దాని వేళ్లకు స్లాబ్‌ని అప్పగించే ధైర్యం లేదు. తెచ్చింది జూలైలో. మేలో నాటితే మొదటి నెల పోసే నీళ్లతోనే పొదుపంతా పోతుంది.

ఫ్లోట్ వాల్వ్ పైపుకి తాళం వేశాం. వాల్వ్ చక్రానికి గొలుసు చుట్టి నిజంగానే తాళం. తాళంచెవి నా దగ్గర. తెరవాలంటే రిజిస్టర్‌లో ఎన్ని లీటర్లకు, ఎందుకు అని రాసి సంతకం పెట్టాలి. మొదట్లో నన్ను వెనకాల ఏమనుకున్నారో ఊహించగలను.

2025 లెక్కలు చెప్పేముందు ఒక మాట. ఆ ఏడు మే నెలలోనే వానలు కుమ్మేశాయి, రుతుపవనాలూ ముందే వచ్చాయి. కాబట్టి మే అంకె నా గొప్ప కాదు. అది పక్కనపెట్టి ఏప్రిల్ ఒక్కటే తీసుకుంటే, తోట రోజుకు 21 వేల లీటర్లు వాడింది. తాళం తీసి తోటకు వదిలిన నీళ్లు నెల మొత్తం మీద ఎనిమిది ట్యాంకర్లు. అంతకుముందు ఏప్రిల్‌లో డెబ్బైకి ఒకటో రెండో తక్కువ.

బేస్‌మెంట్‌లో చుక్క ఆగింది. పగులుకి గ్రౌటింగ్ చేయించాం, పైన తడి తగ్గింది, ఏది పనిచేసిందో ఖచ్చితంగా చెప్పలేను. ఆ సున్నపు కొమ్ము మాత్రం అలాగే ఉంది, కొట్టేయనివ్వలేదు. కారాయన పాలిష్ ఖర్చు ఇచ్చేశాం. తర్వాత ఒకసారి లిఫ్ట్‌లో కలిసినప్పుడు ఆయన వల్ల ఏం బయటపడిందో చెప్పాను. ఆసక్తిగా విని, ఇప్పుడు తన స్లాట్ కవర్డ్‌లోకి మార్చగలరా అని అడిగారు. అది కవర్డే.

మొన్న సోమవారం మీటింగ్‌లో కొత్త ప్రతిపాదన వచ్చింది. నీళ్ల ఖర్చు తగ్గింది కదా, ఆ మిగులుతో ఎంట్రన్స్‌లో ఫౌంటెన్ పెడితే ఎలా ఉంటుందని. ఆర్కిటెక్ట్ అప్పటికే డ్రాయింగ్ పంపారు. బాగానే ఉంది, రాత్రిపూట లైట్లు కూడా. నేనేం అనలేదు. నీళ్ల పైపు గీత మీద ఎర్రపెన్‌తో గుండ్రంగా చుట్టి, "ఇక్కడ మీటర్" అని రాసి తిప్పి పంపాను.